హైమ వైపు లేచిన చెయ్యి

పేటలోని కంప్యూటర్లలోకి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త విడుదల దిగిన ఉదయం, పక్కింటి భుజంగరావుగారు హైమ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. శుభలేఖలు టైపు చేసుకుని బతికే పెద్దాయన.

"అమ్మాయ్, నా చేతులు బొత్తిగా పాడైపోయాయే. ఒక అక్షరం కొడితే నాలుగు పడుతున్నాయి. నిన్నటిదాకా బానే ఉండేవి. ఇంక ఈ పని మానేస్తానమ్మా."

హైమకు కిందటి సభ గుర్తొచ్చింది.

ఇప్పుడు పేటలోని కంప్యూటర్లన్నిటినీ నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏముండాలో, కొత్త విడుదల ఎప్పుడు రావాలో పేటవాళ్లే సభ పెట్టుకుని తేలుస్తారు. కిందటి సభలో గొడవంతా అక్షర వడపోత మీదే. వేలు వణికి ఒకే అక్షరం పదేపదే పడితే, ఎక్కువైనవాటిని చడీచప్పుడూ లేకుండా తుడిచేసే సదుపాయమది. కొత్త విడుదలలో అది సరిగ్గా పనిచెయ్యడం లేదు; దాన్ని బాగుచేసేదాకా ఆగితే విడుదల శ్రావణం దాటిపోతుంది. హైమకేమో తను గీసే జాకెట్ డిజైన్లకు ఆ విడుదలతో వచ్చే కొత్త రంగులు శ్రావణం పెళ్లిళ్లకే కావాలి.

"ఎవరు వాడుతున్నారండీ దాన్ని? తీసిపారేద్దాం!" అని సభలో అరిచింది తనే.

భుజంగరావుగారికి తన కంప్యూటర్లో అలాంటిదొకటి ఉందనే తెలియదు. "మా హైమ చెప్పిందిగా" అని ఆయన కూడా చెయ్యెత్తారు. ఆ ఒక్క చేతితోనే ఆమె మాట నెగ్గింది.

"వయసు మీద పడిందిలే," అని నవ్వారాయన. "నీ రంగులొచ్చాయా తల్లీ?"

"వచ్చాయి బాబాయిగారూ," అంది హైమ, తల ఎత్తలేక.

సభలో తన కోసం లేచిన ఆ చెయ్యి గాలిలో వణకడం ఆమె అప్పుడే చూసింది. చూసి కూడా లెక్కలో వేయించుకుంది.