పెనుకొండ ఎత్తు

1979 వేసవి. అలిగి పుట్టింటికొచ్చిన చెల్లెలు జైతున్‌బీని ధర్మవరంలో మొగుడింట దింపడానికి సైఫుల్లా తన టాక్సీలో హిందూపురం నుంచి బయలుదేరాడు.

పెనుకొండ ఎత్తులో ఇంజను అరుస్తోంది గానీ బండి ముందుకు కదలడం లేదు. మాడు వాసన కొట్టింది.

"క్లచ్ ప్లేటు మొన్ననే మార్పిస్తిని. తిరిగొచ్చి ఆ మెకానిక్కు సంగతి చూస్తా," అని తిడుతూ సైఫుల్లా కారు కిందికి దూరాడు. క్లచ్ రాడ్డు నట్టు చివరిదాకా బిగించి ఉంది. అందుకే ప్లేటు పట్టకుండా జారుతోంది. నట్టు వదులు చేసి లేచాడు.

"ఎవడో కావాలనే బిగించినాడు. దొరికితే నరుకుతా."

"నేనే అన్నా," అంది జైతున్‌బీ. "పొద్దున నువ్వు నమాజుకు పోయినప్పుడు బిగించినా. నాయన షెడ్డులో మనమిద్దరమూ నేర్చుకున్న పనే కదా."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

ఆమె మెడ మీది కొంగు తీసింది. గొంతు చుట్టూ వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

"ఇంటికొచ్చినప్పట్నుంచి చెప్తాండా. ఒక్కసారన్నా ఇన్యావా? బండికేమన్నా అయితే మాత్రం దిగి చూస్తావు."

సైఫుల్లా టాక్సీని హిందూపురం వైపు తిప్పాడు.