అరవై మీటర్ల కేబుల్

కొండాపూర్‌లోని ఆ ఖాళీ ఆఫీసు బిల్డింగ్‌లో ఆ రాత్రి ఇద్దరే ఉన్నారు. సెల్లార్‌లో కేబుల్ టెస్ట్ చేసే మీటర్ ముందు కృష్ణప్రియ, టెర్రస్ మీద యాంటెన్నా దగ్గర బాలనర్సయ్య. ఇద్దరి మధ్య మెట్ల వెంబడి అరవై మీటర్ల కేబుల్.

"లోడ్ బిగించిన చెల్లె. జల్ది చూడు, దోమలు పీక్కతింటున్నయ్," అన్నాడతను ఫోన్‌లో.

కేబుల్ చివర లోడ్ అనే చిన్న బిరడా బిగిస్తే, మీటర్ పంపిన వేవ్ మొత్తం అందులోనే ఇంకిపోతుంది. దారిలో కేబుల్ ఎక్కడైనా నలిగితేనే అక్కడి నుంచి వెనక్కి వస్తుంది. అలా వెనక్కి వచ్చినట్టు స్క్రీన్ మీద పన్నెండు మీటర్ల దగ్గర చిన్న గీత లేచింది. చూస్తుండగానే ఇరవైకి జరిగింది. తర్వాత ముప్పై ఐదుకి.

నలిగిన చోటు కదలదు కదా! ఎవరో కేబుల్‌ని పిడికిట్లో నొక్కి పట్టుకుని మెట్లెక్కుతున్నట్టుంది.

"నర్సన్నా, టెర్రస్ తలుపు మూసెయ్!"

"ఎందుకే? నువ్వే వస్తున్నవ్ గదా, అడుగులు ఇనబడుతున్నయ్. లైటు లేకుండ ఎట్లెక్కుతున్నవ్?"

"నేను కిందనే ఉన్న!"

ఆ మాట ఫోన్ గరగరలో కొట్టుకుపోయింది. గీత యాభై తొమ్మిది దగ్గర ఆగింది.

గరగర తగ్గాక బాలనర్సయ్య గొంతు, ఫోన్‌కి కాస్త దూరంగా, లాలనగా వినిపించింది.

"దమ్మొచ్చిందా చెల్లె? చెయ్యియ్యి, పైకి గుంజుత."