బాల్కనీ గడియ

దక్షిణ కొరియాలోని దేగు నగరంలో ఆ శనివారం ఎముకలు కొరికే చలి. బోయంగ్ బాల్కనీలోకి వెళ్లి ఉతికిన దుప్పటి తీగ మీద ఆరేసిందో లేదో, వెనక గడియ పడింది. అద్దం తలుపు లోపల ఆమె ఆరేళ్ల కొడుకు తేయున్, వాడి నాలుగేళ్ల తమ్ముడు గెంతుతూ నవ్వుతున్నారు.

"తియ్యరా! పొయ్యి మీద చారు పొంగిపోతుంది!"

"నేను ఆపేశాగా," అన్నాడు తేయున్.

"మీ నాన్నని రానీ, నీ సంగతి చెప్తా!"

"నాన్న రాత్రికి గానీ రాడుగా!"

బెదిరించింది, బతిమాలింది. బిస్కెట్లు ఇస్తానంది. "చాక్లెట్‌వేనా?" అని బేరం పెట్టాడు చిన్నవాడు. ఇలాంటి ఇద్దరిని కన్నందుకు తనను తానే తిట్టుకుంటూ ఆమె అద్దం మీద దబదబా బాదింది. చలికో కోపానికో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తేయున్ నవ్వు ఆపి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏడుపు ఆపితేనే తీస్తా. ఏం తప్పు చేశావో అక్కడే నిలబడి ఆలోచించుకో."

ఆ మాటా, ఆ గొంతూ అచ్చం ఆమెవే.

చిన్నవాడు అద్దానికి మూతి ఆనించాడు.

"అమ్మా, దుప్పటి వెనక్కెళ్లి కూర్చో. అక్కడ గాలి తగలదు. నువ్వు నన్ను బయట పెట్టినప్పుడు నేనూ అక్కడే కూర్చుంటా."