ఆగకూడని ఫ్యాన్లు

“ఏమీ కనబడదేంటయ్యా ఆరోన్? ఇంత పోసి తెప్పించింది ఖాళీ తెర చూడ్డానికా?”

రొయ్యల చెరువుగట్టు మీది షెడ్డులో, కంప్యూటరు ముందు వంగి చూస్తున్నాడు వెంకటపతిరాజు. భీమవరం నుంచి వచ్చిన ఇంజనీరు నవ్వాడు.

“అది వెనకాల నడుస్తుందండి, తెర మీదకి రాదు. కంప్యూటరు లేవగానే దానంతటదే మొదలై, చెరువులో ఫ్యాన్లు తిప్పుతుంది. కరెంటు పోయొచ్చినా మనిషి అక్కర్లేదండి.”

“అదీ కావాల్సింది. కాపలా సత్తియ్యని అందుకే మాన్పించేశాను.”

“అయ్యో, నమ్మకస్తుడు కదండీ?”

“మనిషి మంచోడే. నోరు ఊరుకోదు.”

నోరున్న పనివాళ్లకి చెరువుల దగ్గర చోటుండదని ఆరోన్‌కి కొత్తగా తెలియక్కర్లేదు. మాట మార్చాడు.

“ఆక్సిజన్ మీటరు తగిలిస్తే, నీళ్లలో గాలి తగ్గినప్పుడే తిరుగుతాయండి. కరెంటు మిగులుతుంది.”

“మీటరొద్దు. తిరగాలంతే.”

“పగలు కూడానా?”

“పగలూ రాత్రీ. ఒక్క పూట ఆగాయంటే నా కొంప మునిగిందన్నమాటే.”

చెబితే వినే రైతుని ఆరోన్ ఇంతవరకూ చూడలేదు. రొయ్యల రైతుని అసలే చూడలేదు.

“పోనీ, ఆగితే ఫోనుకి మెసేజ్ వచ్చేలా పెడతానండి. మీ నంబరూ, అమ్మగారి నంబరూ చెప్పండి.”

“నాదొక్కటే పెట్టు. ఆవిడకి గుండె ఆపరేషనై నెల కాలేదు. ఈ పంట వేసింది ఆవిడ పుట్టింటి పొలం అమ్మి. కంగారు పెట్టొద్దన్నారు డాక్టరుగారు.”

షెడ్డుని ఆనుకునే ఇల్లు. తెరిచిన కిటికీ పక్కన మంచం మీద ఉంది లక్ష్మీనరసమ్మ.

“ఇంతకీ నీ ప్రోగ్రామే పడిపోతే?”

“దాన్ని కనిపెట్టి లేపడానికి ఇంకోటి పెట్టానండి. ఇదిగో, ఆపేస్తున్నా చూడండి.”

చెరువులో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

“ఏవండీ!” కిటికీలోంచి నీరసంగా వినబడింది. “చప్పుడు ఆగిందేంటండీ?”

వెంకటపతిరాజు మొహం పాలిపోయింది. ఆరోన్ భుజం పట్టేసుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే ఫ్యాన్లు మళ్లీ నీళ్లు చిమ్మసాగాయి.

“చూశారా, నేను వేలు కూడా పెట్టలేదండి!” అన్నాడు ఆరోన్ గర్వంగా.

“రొయ్యలకేం కాలేదు కదండీ?” మళ్లీ అడిగింది లక్ష్మీనరసమ్మ.

“ఆయ్, ఏం కాలేదండి! కులాసాగా ఉన్నాయి. మీరు పడుకోండి,” కిటికీ వైపు తిరిగి కేకేశాడు వెంకటపతిరాజు.

చెరువులో రొయ్యలన్నీ వైరస్‌కి చచ్చి అప్పటికి వారమైంది.