ఉంటావా? పోతావా?

మిర్యాలగూడలోని ఆ రైస్‌మిల్లు ఆఫీసులో కంప్యూటర్‌కు టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టారు. మనుషులు మాత్రం అట్టముక్కలతో విసురుకుంటున్నారు.

"దసరా నుంచి కంప్యూటర్ బంద్ చెయ్యలే బిడ్డా. కుతకుత ఉడుకుతుంది," అంది మిల్లు నడిపే పుష్పమ్మ.

జ్యోత్స్న కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి చూసింది. మిల్లు బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసింది తనే. "ఎందుకు చెయ్యలే ఆంటీ?"

"నువ్వే ఒత్తి సూడు."

జ్యోత్స్న షట్‌డౌన్ నొక్కింది. తెరిచున్న ప్రోగ్రాములన్నిటినీ మూసుకోమని కంప్యూటర్ కేక వేసింది. మిగతావన్నీ మూసుకున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కటే, తను నేర్పినట్టే, దానికి అడ్డం పడి అడిగింది: ‘ఉంటావా? పోతావా?’ కింద రెండు బటన్లు. ‘ఉంటా’, ‘పోతా’.

"పోత అని ఎట్ల ఒత్తాలె? ఎవలన్న గట్ల అంటరా? పోయొస్త అనాలె!"

జ్యోత్స్న నవ్వాపుకుంటూ రెండో బటన్‌ను ‘పోయొస్తా’ అని మార్చింది. పుష్పమ్మ మౌస్‌ను కళ్లకద్దుకుని మరీ ఒత్తింది. తెర నల్లబడింది.

"మంచిగ పోయి రా," అంది కంప్యూటర్‌తో.

జ్యోత్స్న బరువైన బ్యాగు భుజానికెత్తుకుంది. "సూర్యాపేట బస్సు టైమైంది. పోత ఆంటీ."

పుష్పమ్మ వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది. "ఏమన్నవ్? మళ్ల చెప్పు."

పొద్దున ఇంట్లో పోట్లాడి, బట్టలు సర్దుకుని జ్యోత్స్న ఇదే మాట అంటే, మొగుడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

జ్యోత్స్న బ్యాగు కిందికి దించింది.

"ఉంట," అంది.