గోడ వైపు కుర్చీ

యుకలేలే మాస్టారు మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

వెనక పన్నెండుమంది పిల్లలు ఆయన బట్టతలను చూస్తూ పాఠం నేర్చుకుంటున్నారు.

సంగీతం బడికి కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, పాఠం పిల్లలకా, గోడకా?"

పిల్లలు కిసుక్కుమన్నారు.

"అలవాటైపోయిందమ్మా. ఇటు తిరిగితేనే వేళ్ళు కదులుతాయి," అన్నారు మాస్టారు బెరుగ్గా.

"అలాగా? చూద్దాం."

ఆయన్ని లేపి, ఆమే కుర్చీని పిల్లల వైపు తిప్పింది. పెద్దాయన కూర్చోక తప్పలేదు.

చిన్న గిటారులాంటి ఆ యుకలేలేకి ఉన్నవి నాలుగే తీగలు. అయినా వేళ్ళు తడబడ్డాయి. రెండోసారీ అంతే. ఒక పిల్ల పగలబడి నవ్వింది. డైరెక్టరమ్మ వారించలేదు. జాలి ఆవిడ ఇంటా వంటా లేదు.

"చూశారా పిల్లలూ! పదేళ్ళప్పుడు నాకు కాళ్ళు పడిపోయాయి. రెండేళ్ళు మంచం మీదే ఉన్నాను. ఏ గురువూ లేకుండా యుకలేలే నాకు నేనే నేర్చుకున్నాను. పట్టుదల ఉంటే మాస్టార్లతో పనేముంది?" అందామె.

మాస్టారు ఠక్కున తలెత్తారు. ఆమె మొహం చూశారు. ఆమె కాళ్ళు చూశారు. ఆయన మొహమంతా నవ్వు పరుచుకుంది.

ఆ నవ్వే ఆయన కొంప ముంచింది.

"నా కాళ్ళు చూసి నవ్వుతారా? రేపట్నుంచి రావద్దు. ఇంట్లో గోడలకు చెప్పుకోండి పాఠాలు!"

ఆయన లేచారు. యుకలేలే చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

రెండు నెలల తర్వాత ఆయన భార్య వచ్చింది. ఆ కుర్చీ వాళ్ళ ఇంటిదట, తీసుకెళ్ళడానికి వచ్చింది.

డైరెక్టరమ్మ ఆ గదిలోనే కూర్చుని పిల్లల హాజరు చూస్తోంది.

"మాస్టారు రాలేదేం?" అంది తలెత్తకుండా.

"పోయారమ్మా. పోయిన వారమే."

"అయ్యో. అవునూ, ఆ గోడ పిచ్చేమిటండీ ఆయనకు?"

"పిచ్చి కాదమ్మా. మా పాత ఇంట్లో, పక్క వాటాలో ఓ పాప మంచం పట్టి ఉండేది. దాని దగ్గరా ఓ యుకలేలే ఉండేది. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు. దానికి బాగా వినపడాలని ఈయన గోడకేసి కూర్చుని వాయించేవారు. పాట తనకు వచ్చాక అది గోడ మీద రెండుసార్లు తట్టేది. ఆ చప్పుడు వినపడేదాకా కొత్త పాట ఎత్తుకునేవారు కాదు, ఇవతల ఎవరెంత విసుక్కున్నా సరే."

డైరెక్టరమ్మ చేతిలో కలం ఆగింది.

"ఉద్యోగం పోయిన రోజు ఎంత సంతోషంగా ఇంటికొచ్చారో! 'ఆ పాప కనిపించిందే, చక్కగా నడుస్తోంది' అన్నారు. ఎవరని అడిగితే మాత్రం చెప్పలేదు. 'తెలిస్తే అది తట్టుకోలేదు, వదిలెయ్' అన్నారు."

ఆవిడ కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

గురువే లేడని చెప్పుకు తిరిగిన డైరెక్టరమ్మ, కుర్చీ లేని ఆ చోటికి నడిచివెళ్ళి, గోడ మీద రెండుసార్లు తట్టింది.