నవ్వని బయ్యన్న

“ముందు వరసలో పచ్చ తువ్వాల చూసినావా?” తంబుర తీగ బిగిస్తూ రహంతుల్లా గొంతు తగ్గించాడు.

నాగప్ప చూశాడు. పాల డైరీ షెడ్డు ముందు జనం చేరుతున్నారు. అందరికంటే ముందు బయ్యన్న కూర్చున్నాడు. మూతి బిగించుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు.

“పొద్దున సంచిలో పురుగుల మందు డబ్బా దొరికింది. పారబోసినాం. అయితే ఏం, మందుల అంగడి తెరిచే ఉండాది కదా. రాయదుర్గం బస్సులో ఇంటి మనిషి వస్తాండాది. అంతవరకూ ఈడనుంచి కదలనీకూడదు.”

నాగప్ప మొహంలో నెత్తురు లేదు.

“బయ్యన్నకేం వచ్చిందన్నా?”

“ఏమప్పా, కరువు నీ ఒక్కని చేనుకే వచ్చిందా?”

నాగప్ప తల దించుకున్నాడు. “నన్నేం చెయ్యమంటావు?”

“నవ్వించు. ఆ మనిషి నవ్వితే బతికినట్టే.”

బుర్రకథకు మూడు గొంతులు. నడుమ కథకుడు, కుడిపక్క రాజకీయం, ఎడమపక్క హాస్యం. రహంతుల్లా కథ ఎంత బాగా చెప్పినా, కుడిపక్కనుంచి జాకబ్ సర్కారును ఎంత ఉతికినా, గుమ్మఘట్ట చుట్టుపక్కల జనం వచ్చేది ఎడమపక్క నాగప్ప కోసమే. ఏడిపించడం గొప్ప కాదు. ఈ గడ్డ మీద ఏడవడానికి పాట కూడా అక్కర్లేదు. నవ్వించాలంటే తాళం తెలియాలి, గుమ్మెట ఎక్కడ ఆపాలో తెలియాలి. నాగప్పకు తెలుసు. పైగా మొండివాడు. ముందు వరసలో ఒక్క మొహం ముడుచుకుని ఉన్నా గుమ్మెట దించడు. ఒకసారి ఒక పెండ్లికొడుకు మేనమామ నవ్వనని పంతం పట్టి కూర్చుంటే, అతని కోసం తెల్లారేదాకా వాయించాడు.

అలాంటివాడు ఆ పొద్దున వచ్చీ రాగానే, ఈ కథ అయ్యాక ఎడమపక్కకు ఇంకొకరిని చూసుకోమన్నాడు. ఎందుకని అడిగితే చేతులు నొప్పి అన్నాడు. ఎవరినీ తాకనివ్వని గుమ్మెట సంచిని గోడవారన పడేసి, టీ తాగను పోయాడు. ఇప్పుడు జాకబే గుమ్మెట తీసి అతని చేతికిచ్చాడు. సంచి మాత్రం తన భుజానికే ఉంచుకున్నాడు.

కథ మొదలైంది. రైతు మూడో బోరు వేశాడని రహంతుల్లా పాడాడు.

“ఏం పడిందప్పా దాంట్లో?” అన్నాడు జాకబ్.

“దుమ్ము.”

“నాలుగో దాంట్లో?”

“పక్కూరోళ్ల దుమ్ము.”

తెలుగువాళ్లతోపాటు సరిహద్దు దాటి వచ్చిన కన్నడంవాళ్లూ నవ్వారు. బయ్యన్న నవ్వలేదు.

నాగప్ప గుమ్మెట చర్మాన్ని బొటనవేలితో నొక్కి లాగాడు. అది గాలి పీల్చే మోటారులా దగ్గింది. ఎక్కిళ్లు పెట్టింది. ముసలాయన తుమ్మినట్టు తుమ్మి ఆగిపోయింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బయ్యన్న తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి.

“ఏడుస్తాండాడన్నా,” అన్నాడు నాగప్ప.

“అయితే వదలొద్దు.”

కరువు చూడ్డానికొచ్చిన అధికారి కారు అద్దం దించాడని, లోపలి చల్లగాలి తగిలి చేనంతా చల్లబడిందని, ఇంక కరువెక్కడిదని రాసుకుని పోయాడని చెప్పాడు నాగప్ప. అది జోకు కాదని జనానికి తెలుసు, అందుకే ఇంకా గట్టిగా నవ్వారు. బయ్యన్న చెంబెత్తి నీళ్లు తాగుతూ మొహం దాచుకున్నాడు. మళ్లీ రోడ్డు వైపు చూశాడు. మందుల అంగడి అటే ఉంది. లేవబోయాడు.

నాగప్ప షెడ్డు అరుగు మీదనుంచి కిందికి దూకాడు. బయ్యన్న ముందు మోకాళ్ల మీద కూర్చుని వాయించాడు. పొద్దు వాలింది. గొంతు కీచుమంటోంది. వేళ్లు వాచిపోయాయి.

“ఎనిమిదో బోరులో నీళ్లు పడలేదు బయ్యన్నా. లోపలినుంచి గొంతు మాత్రం వినపడింది. పైన ఎవురప్పా, మాకు రెండు బిందెల నీళ్లు దించండి, పుణ్యముంటాది అని.”

జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. బయ్యన్న కింది పెదవి పళ్ల మధ్య నలిగింది. అంతే.

నాగప్ప చేతులు ఆగిపోయాయి.

“నవ్వు బయ్యన్నా. నీ కాళ్లు మొక్కుతా. చేను పోతే పోనీ. మనిషే పోతే ఇంట్లోవాళ్లు ఏమైపోతారో ఆలోచించినావా?”

బయ్యన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. “నువ్వే చెప్పు నాగప్పా. ఏమైపోతారు?”

నాగప్ప గుమ్మెట మీద కొట్టాడు. పిచ్చివాడిలా కొట్టాడు.

రోడ్డు మీద హారన్ మోగింది. రాయదుర్గం బస్సు ఆగింది. బయ్యన్న మెడ చాచి చూశాడు. చూసి నోరు తెరిచాడు. మధ్యాహ్నం నుంచి కట్టేసిన నవ్వంతా ఒక్కసారి తెంచుకుంది. పొట్ట పట్టుకుని వెనక్కి పడ్డాడు. “రెండు బిందెలంట... దించమన్నారంట...”

నాగప్ప గుమ్మెట దించాడు. “నవ్వినాడన్నా,” అని రహంతుల్లాను చూసి భోరుమన్నాడు. “బతికినాడు.”

“బతికినాడు,” అన్నాడు రహంతుల్లా.

జనం దారి ఇచ్చారు. జీన్స్ కుట్టే చోటునుంచి అట్లే బస్సెక్కినట్టుంది, చున్నీకి నీలం పోగులు అంటుకునే ఉన్నాయి, ఒక ఆడపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. బయ్యన్న కళ్లు తుడుచుకుంటూ పక్కకు జరిగాడు.

“నాయనా,” అంటూ ఆ పిల్ల నాగప్పను కరుచుకుంది.